టీకాల గది యంత్రం

సోమవారం ఉదయం ఏడు గంటలకే రక్తపరీక్షల కిటికీ ముందు నలభై మంది పరగడుపున వరస కట్టారు. బయట చలికాలానికి ముందొచ్చే మే నెల ముసురు పట్టి వదలడం లేదు. తడిసిన గొడుగుల నుంచి కారిన నీళ్లు గచ్చు మీద మడుగులు కట్టాయి. కిటికీ వెనక కూర్చున్న మాబెల్ తన ముందున్న తెరను అరచేత్తో రెండు తట్లు తట్టింది. తెర నల్లగానే ఉంది. పైన ఒక మూల ఒకే ఒక్క వాక్యం కనబడుతోంది, లేవడానికి తగిన పరికరం ఏదీ దొరకలేదని.

మాబెల్ మేడ మీది కంప్యూటర్ల విభాగానికి ఫోన్ చేసింది.

"నీబియా, నీ కొత్త పెళ్లికూతుళ్లు ఇంకా నిద్ర లేవలేదే! ఇక్కడ జనం నన్ను కొరుక్కు తినేటట్టున్నారు. ఆకలి మీదున్నారు కూడాను."

"ఎన్ని లేవలేదు?"

"నాది లేవలేదు. పక్కది లేవలేదు. చెవి డాక్టరుగారిది లేవలేదు. ఆయన మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు, నీకు వినపడటం లేదూ?"

నీబియాకు వినపడుతూనే ఉంది. ఫోన్ పెట్టేసి ఎదురు బల్ల వైపు చూసింది. విల్మర్ థర్మాస్ మూత విప్పి, మాతె ఆకు వేసిన గిన్నెలో వేడినీళ్లు నింపుతూ, "ఏమైంది పిల్లా?" అన్నాడు తాపీగా.

"ఏదీ లేవడం లేదు మాస్ట్రో."

"కంగారు పడకు. ముందు ఇది తాగు," అని గిన్నె అందించాడు.

బ్రెజిల్‌కు పొరుగు దేశంలోని సాల్తో ఊళ్లో, ఆ వైద్య సహకార సంఘంలో కంప్యూటర్ల విభాగమంటే వాళ్లిద్దరే. నీబియా గొదోయ్ ఇరవై అయిదేళ్ల వయసులో ఫోన్‌లో అపాయింట్‌మెంట్లు రాసుకునే గుమాస్తాగా చేరింది. ఒకరోజు ప్రింటర్ ఆగిపోతే, కాగితం ఎక్కడ ఇరుక్కుందో తనే వెతికి తీసింది. మరమ్మతుకు వచ్చిన విల్మర్ ఎచెవెర్రీ అది చూసి, "ఈ పిల్లని నాకివ్వండి," అని పై వాళ్లను అడిగి మేడ మీదికి తెచ్చుకున్నాడు. అది జరిగి పంతొమ్మిదేళ్లు. తీగలు అల్లడం మొదలు సర్వర్లు నిలబెట్టడం దాకా ఆమెకు తెలిసిందంతా ఆయన నేర్పిందే. ఆమె భర్త ఇల్లు వదిలి పోయిన ఏడాది, పొద్దున్నే వచ్చి పాపను బడికి దింపింది కూడా ఆయనే. ఆ పాప, ఐలీన్, చర్చిలో నామకరణం నాడు జ్ఞానతండ్రిగా నిలబడిందీ ఆయనే. ఇప్పుడు ఆయనకు యాభై ఎనిమిది. ఆమెకు నలభై నాలుగు వచ్చినా ఇంకా "పిల్లా" అనే పిలుస్తాడు. ఆమె ఆయన్ని "మాస్ట్రో", అంటే గురువుగారూ, అంటుంది, ఆయన ఎదుట ఏనాడూ గొంతు పెంచి ఎరగదు.

శనివారం జరిగింది చిన్న మార్పు కాదు. అరవై నాలుగు బల్లల మీదున్న పాత కంప్యూటర్లను తీసేసి, వాటి బదులు అరచెయ్యంత పెట్టెలు పెట్టారు. అసలు కంప్యూటర్లు ఇప్పుడు మేడ మీది రెండు పెద్ద సర్వర్లలో ఉన్నాయి. ఒక పెద్ద ఇంట్లో అద్దెకున్న వాటాల్లాగా ఒక్కో సర్వర్ లోపల ముప్పై రెండేసి వర్చువల్ మెషీన్లు. వాటికి సొంత డిస్కులు లేవు. పొద్దున్న కళ్లు తెరవగానే నెట్‌వర్క్‌లో "నేనెవర్ని, ఏం నడపాలి?" అని కేకేస్తాయి. పక్కనే ఉన్న మరో సర్వర్ ఆ కేక విని వాటికొక చిరునామా ఇచ్చి, నడపాల్సిన ప్రోగ్రాంను పంపిస్తుంది. అప్పుడు తెర వెలుగుతుంది. రోగుల వివరాలు బల్లల మీది డిస్కుల్లో పడి ఉండకూడదని పై వాళ్లు పట్టుబట్టి చేయించిన పని ఇది. పాత డిస్కులను శుక్రవారమే తుడిచేశారు. వెనక్కి వెళ్లే దారి లేదు.

"సిద్ధంగా ఉంది, మార్చవచ్చు" అన్న కాగితం మీద సంతకం నీబియాది. జనవరిలో, అక్కడి వేసవిలో, ఎక్కడి నుంచో తెచ్చిన పాత సర్వర్ మీద ఆమె స్వయంగా పరీక్షించింది. బాగా నడిచింది. ఏప్రిల్లో కొత్త సర్వర్లు వచ్చినప్పుడు వాటిని నిలబెట్టింది విల్మర్. "కొత్త వాటి మీద కూడా లేపి చూశాను పిల్లా, నెట్‌వర్క్ నుంచి చక్కగా లేచింది," అన్నాడు. ఆయన చూశానంటే తాను చూసినట్టే. సంతకం పెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఏడున్నరకల్లా ఆమె పనిలో మునిగిపోయింది.

ముందుగా, జవాబివ్వాల్సిన సర్వర్ బతికే ఉందా అని చూసింది. పాత రకం ఫర్మ్‌వేర్‌తో, అంటే యంత్రం కళ్లు తెరవగానే నడిచే మొట్టమొదటి ప్రోగ్రాం పాతదిగా పెట్టి, ఒక ఉత్త మెషీన్‌ను లేపింది. అది నెట్‌వర్క్‌లో అడిగింది, జవాబు వచ్చింది, లేచింది. అంటే సర్వర్ తప్పు కాదు. కొత్త రకం ఫర్మ్‌వేర్‌కు పంపాల్సిన ఫైలు వేరు. ఆ పేరులో అక్షరం తప్పు పడిందేమోనని చూసింది. సరిగ్గానే ఉంది. కొత్త ఫర్మ్‌వేర్ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాంను లోపలికి రానివ్వదు కాబట్టి, ఒక మెషీన్‌కు ఆ తనిఖీని తాత్కాలికంగా ఆపి చూసింది. అయినా అదే నల్ల తెర, అదే ఒక్క వాక్యం.

"స్విచ్ అయుంటుంది. కింది అంతస్తులో పోర్టులు చూసిరా," అన్నాడు విల్మర్.

ఆమె కిందికి దిగి, మెట్ల కింది అల్మారా తెరిచి, ఒక్కో తీగనూ పీకి మళ్లీ పెట్టింది. నలభై నిమిషాలు పోయాయి. ఏమీ మారలేదు. పైకి రాగానే, "తీగలు తడిశాయేమో, ఈ వానకి," అన్నాడు ఆయన. మళ్లీ వెళ్లి చూసింది. తడవలేదు. ప్రతిసారీ ఆమె తిరిగొచ్చేసరికి మాతె గిన్నె నిండుగా సిద్ధంగా ఉండేది. గొట్టంతో పీల్చి, ఖాళీ గిన్నె తిరిగిచ్చి, మళ్లీ తెరల ముందు కూలబడేది.

తొమ్మిది దాటాక ఆమెకు తట్టింది. యంత్రాలు అడుగుతున్నాయి, జవాబు రావడం లేదు అనుకుంటూ ఉంది ఇంతసేపూ. అసలు అడుగుతున్నాయా? సర్వర్ లోపల, మెషీన్లు నెట్‌వర్క్‌తో కలిసే చోటనే చెవి పెట్టింది. అక్కడ దొర్లే ప్రతి మాటనూ తెర మీదికి ఎక్కించే ప్రోగ్రాంను నడిపి, ఒక మెషీన్‌ను లేపింది. పది సెకన్లు. ఇరవై. ఒక్క మాట లేదు. ఆ మెషీన్ నోరే విప్పలేదు.

"మాస్ట్రో, ఇటు రండి. ఇది అడగడమే లేదు. తీగల దాకా రావడమే లేదు."

విల్మర్ వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. తరవాత, "మనవల్ల కాదు పిల్లా. మోంటెవిడియోలో సర్వర్లు అమ్మినవాళ్లకి ఫోన్ చేద్దాం. ఇవాళో రేపో మనిషిని పంపుతారు," అన్నాడు.

"రేపా? కింద జనం!"

"జనం ఎప్పుడూ ఉంటారు."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. ఎక్స్‌రే గది ఒక్క గంట ఆగితే సెలవు రోజున కూడా సైకిలేసుకొచ్చే మనిషి. నీబియా ఆయన ముఖంలోకి చూసింది గానీ అప్పుడే ఫోన్ మోగింది.

"నీబియా," అంది మాబెల్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఎలెయుతేరియో తాత కింద పడిపోయాడు. చక్కెర జబ్బు మనిషి, పరగడుపున రెండు గంటలు నిలబెట్టాం కదా. కళ్లు తిరిగాయి. తలకేం తగల్లేదులే, పంచదార నీళ్లు పట్టాం, పడుకోబెట్టాం. కానీ ఆయన కూతురు నన్ను తిట్టిన తిట్లకి నేనీ జన్మలో స్వర్గానికి పోను. చేత్తో చీటీలు రాసి గొట్టాలకు అంటిస్తున్నా. ఇద్దరు గొన్సాలెసులు వచ్చారు, ఎవరి రక్తం ఎవరిదో తేడా వస్తే నన్ను జైల్లో పెడతారు."

"ఇంకొంచెం సేపు ఓపిక పట్టు."

"పడతా. అన్నట్టు, అన్నీ చచ్చి పడుంటే టీకాల గదిదొక్కటే ఎలా బతికిందే? ఆ తెరెసీతా పొద్దుటి నుంచీ దర్జాగా టకటకా కొట్టుకుంటోంది. దాని కంప్యూటర్‌ను ఫాదర్ ప్రత్యేకంగా దీవించాడా ఏం?"

నీబియా ఫోన్ పట్టుకునే లేచి నిలబడింది. "టీకాల గదిది నడుస్తోందా?"

విల్మర్ తల ఎత్తాడు. "అది వదిలెయ్. అది పాత సర్వర్ మీదుంది," అన్నాడు వెంటనే.

ఆమె అలాగేనని తలూపింది. కానీ పాత సర్వర్‌ను గురువారం తన చేతులతోనే విప్పి పెట్టెలో సర్దింది. ఆయన మరిచిపోయాడేమో అనుకుంది. అరవై దగ్గర పడుతోంది కదా అనుకుంది. ఆయన్ని అనుమానించబుద్ధి కాక అలా అనుకుందని ఆమెకు తరవాత తెలిసొచ్చింది.

తన బల్ల దగ్గరికి వెళ్లి టీకాల గది మెషీన్ ఎక్కడుందో చూసింది. కొత్త సర్వర్ మీదే ఉంది. కొత్త ఫర్మ్‌వేరే. ఆ మెషీన్ వివరాల పట్టీనీ, మాబెల్ మెషీన్ వివరాల పట్టీనీ తీసి రెండింటినీ అచ్చు వేసింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని స్కేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ వచ్చింది. ఒకటి నడుస్తూ ఇంకొకటి నడవకపోతే ఊహలు మానేసి, రెండింటినీ పక్కన పెట్టి తేడా వెతుకు. ఇది కూడా ఆయన నేర్పిన పాఠమే.

పేరు తేడా. అది ఉండాల్సిందే. నెట్‌వర్క్ కార్డు నంబరు తేడా. అదీ ఉండాల్సిందే. మిగతా వరసలన్నీ ఒకటే. చిట్టచివర, టీకాల గది కాగితంలో మాత్రం రెండు వరసలు ఎక్కువున్నాయి. ఒకటి, ఎవరూ ముందుగా ఊహించలేని అంకెలు పుట్టించే చిన్న పరికరాన్ని మెషీన్‌కు తగిలించే వరస. దాని పైన, మనుషులు చదువుకోవడానికి రాసిన వ్యాఖ్య:

"ఇది లేకపోతే కొత్త ఫర్మ్‌వేర్ నెట్‌వర్క్ నుంచి లేవదు. మూస పట్టీలో కూడా చేర్చాలి. ఏప్రిల్ 7. వి. ఎ."

నీబియా దాన్ని మూడుసార్లు చదివింది.

సంగతి ఆమెకు అర్థమైంది. కొత్త ఫర్మ్‌వేర్ అనుమానపు మనిషి. నెట్‌వర్క్‌లో దొంగలుంటారని భయం దానికి. ఎవరితో మాట కలపాలన్నా, వాళ్లు కనిపెట్టలేని అంకెలు కొన్ని ముందుగా చేతిలో ఉండాలి. ఆ అంకెలిచ్చే పరికరం లేకపోతే మాట్లాడదు. ఎందుకు మాట్లాడటం లేదో కూడా చెప్పదు. అంతే. అరవై నాలుగు మెషీన్లలో అరవై మూడు ఒకే మూస నుంచి పోతపోసినవి. ఆ మూసలో ఈ వరస లేదు. విల్మర్ పరీక్షకోసం చేసుకున్న ఒక్కదాన్ని తరవాత టీకాల గదికి ఇచ్చారు. అందులో ఉంది.

ఇంకో సంగతి అర్థం కావడానికి మరి కాస్త సమయం పట్టింది. ఏదైనా మార్చినప్పుడు తేదీ వేసి, పొడి అక్షరాలు పెట్టాలన్నది ఈ గదిలో ఆయన పెట్టిన నియమం. ఏప్రిల్ ఏడు. ఈస్టర్ వేళ వచ్చే టూరిజం వారం సెలవులకు ముందు. అంటే అయిదు వారాల కిందటే ఆయనకు తెలుసు. పొద్దున్న ఏడు గంటలకు, ఆమె మొదటిసారి "ఏదీ లేవడం లేదు" అన్నప్పుడు కూడా తెలుసు. తీగలు చూసిరమ్మన్నప్పుడు తెలుసు. తడిశాయేమో అన్నప్పుడు తెలుసు.

వెనక నుంచి విల్మర్ నీళ్లు పోసిన చప్పుడైంది. గిన్నె ఆమె మోచేతి పక్కకు వచ్చింది.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "థాంక్స్," అంది.

మాతె తాగే చోట ఆ మాటకు ఒక్కటే అర్థం, ఇక నాకు వద్దని. ఉదయం నుంచి ఆమె అది అనలేదు. పంతొమ్మిదేళ్లలో ఒక్క గుక్కైనా తాగకుండా ఏనాడూ అనలేదు. విల్మర్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన కళ్లు బల్ల మీది రెండు కాగితాల మీద పడ్డాయి.

నీబియా ముందు పని పూర్తి చేసింది. ఆ వరసను మూస పట్టీలో చేర్చింది. అరవై మూడు మెషీన్లకూ అది చేరేలా చిన్న ప్రోగ్రాం రాసి నడిపింది. తన వ్యాఖ్య రాసి, తేదీ వేసి, నీ. గొ. అని పెట్టింది. పది పదకొండు నిమిషాల్లో అయిపోయింది. కింద నుంచి ఒక్కొక్కరే "వచ్చింది, వచ్చింది" అని అరవడం వినిపించింది. మాబెల్ ఫోన్ చేసి, "నీ నోట్లో పాలకోవా పెట్టాలి. ఎలెయుతేరియో తాత కూడా లేచి కూర్చున్నాడు, టీ అడుగుతున్నాడు," అంది. నీబియా సరేనంది. ఆమె గొంతు విని మాబెల్, "ఏమే, ఏడుస్తున్నావా?" అని అడిగింది. లేదని చెప్పి పెట్టేసింది.

అప్పుడు కుర్చీ తిప్పింది.

"ఎందుకు చెప్పలేదు?"

విల్మర్ తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో గిన్నె చల్లారిపోయింది.

"చెబుదామనే రాశాను పిల్లా. ఏడో తారీఖున రాశాను. నువ్వు సర్వర్ల గదిలోకి రాగానే చెబుదామనుకున్నాను. ఆ రోజు నువ్వు ఐలీన్ బడికి వెళ్లావు, సభ ఉందని."

"తరవాత?"

"పదో తారీఖున మన పై ఆవిడ, డాక్టర్ బెరుత్తి, పిలిచింది. ఈ మార్పు అయిపోయాక విభాగంలో ఇద్దరక్కర్లేదంది. ఒక్కరు చాలంది. ఎవరన్నది పని చూసి తేలుస్తానంది. నాకు పింఛను రావడానికి ఇంకా రెండేళ్లుంది నీబియా. యాభై ఎనిమిదేళ్ల వాడికి ఈ ఊళ్లో ఎవడిస్తాడు పని? నువ్వు చిన్నదానివి. మోంటెవిడియో పోతావు, బ్రెజిల్ పోతావు, ఎక్కడైనా..."

"కాబట్టి నా కాళ్ల కింద గొయ్యి తవ్వారు."

"నేను తవ్వలేదు. నేను ఏమీ చెయ్యలేదు. దేవుడి మీద ఒట్టు, నేను ఒక్క వరస కూడా చెరపలేదు."

"అవును. ఏమీ చెయ్యలేదు. నేను సంతకం పెడుతుంటే పక్కనే కూర్చుని ఏమీ చెయ్యలేదు. ఆ ముసలాయన కింద పడ్డప్పుడు ఏమీ చెయ్యలేదు."

"ఆయన పడతాడని నాకేం తెలుసు! ఒక పూట ఆగుతుంది, మధ్యాహ్నం నేనే కనిపెట్టినట్టు సరిచేద్దాం అనుకున్నాను. అంతే అనుకున్నాను," అన్నాడు. "నువ్వు ఇంత త్వరగా పట్టుకుంటావనుకోలేదు."

నీబియాకు ఆ చివరి మాట అన్నిటికంటే లోతుగా గుచ్చుకుంది. అందులో మెచ్చుకోలు కూడా ఉంది. ఇన్నేళ్లూ ఆ మెచ్చుకోలు కోసమే ఆమె పనిచేసింది.

మూడు గంటలకు ఇద్దరినీ డాక్టర్ ఓఫెలియా బెరుత్తి పిలిచింది. సంఘం వ్యవహారాలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. పదేళ్లుగా రోగిని చూడని డాక్టరు. గొంతు పెంచదు, నవ్వదు. బల్ల మీద నీబియా సంతకమున్న కాగితం పెట్టి ఉంది.

"ఉదయం ఏడూ యాభైకి విల్మర్ నాకు ఈమెయిల్ పంపారు. మీకు తెలిసే ఉంటుంది," అని ఆవిడ తెరను నీబియా వైపు తిప్పింది.

నీబియా చదివింది. ఈ మార్పు సాంకేతిక బాధ్యత పూర్తిగా నీబియా గొదోయ్‌ది. తొందరపడవద్దని నేను నోటి మాటగా హెచ్చరించాను. సమస్య ఏమిటో ఆమె ఇంకా కనిపెట్టలేకపోతోంది.

ఏడూ యాభైకి ఆమె కింద, మెట్ల కింది అల్మారాలో మోకాళ్ల మీద కూర్చుని తీగలు పీకి పెడుతోంది. ఆయన పంపితే వెళ్లింది. ఆయన మేడ మీద ఒంటరిగా ఇది రాసుకున్నాడు. తరవాత ఆమె పైకి రాగానే గిన్నె నింపి ఇచ్చాడు.

ఆమె సంచీలోంచి అచ్చు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. తేదీ మీద వేలు పెట్టి, ఆ వరస ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో, ఎవరు రాశారో చెప్పింది. విల్మర్ నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. కాదనలేదు.

డాక్టర్ బెరుత్తి కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"అంటే పరిష్కారం ఏప్రిల్ ఏడునే మీ పట్టీలో రాసి ఉంది."

"అవును. ఆయన నాకు చెప్పలేదు."

"మీరు సంతకం పెట్టింది మే తొమ్మిదిన. ఈ నెల రోజుల్లో మీరు ఆ పట్టీ చూడలేదా?"

"ఆయన చూశానన్నారు డాక్టర్. లేచిందని నాతో అన్నారు."

"నేను అడిగేది మీరు చూశారా అని."

నీబియా చూపు కాగితం మీది తన సంతకం మీద పడింది. చూడలేదు. అది నిజం. ఈ గదిలో ఆ ఒక్క నిజానికే చోటుంది. ఆయన మాట నమ్మాను అని ఆమె అనగలదు, కానీ ఆ కాగితం మీద "నేను స్వయంగా సరిచూశాను" అనే కదా రాసి ఉంది.

ఆమె విల్మర్ వైపు తిరిగింది. ఇప్పుడైనా అంటాడనుకుంది. ఒక్క వాక్యం చాలు. 'కావాలనే చెప్పలేదు' అంటే చాలు. ఆయన చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు.

"చెప్పండి విల్మర్," అంది డాక్టర్.

"వ్యాఖ్య అక్కడే ఉంది డాక్టర్. నేను దాచలేదు," అన్నాడు.

నెల తిరక్కుండా నీబియాను విభాగం నుంచి తీసి మళ్లీ ఫోన్ల దగ్గర వేశారు. అపాయింట్‌మెంట్లు రాసుకునే అదే గదిలో, ఇరవై అయిదేళ్ల వయసులో కూర్చున్న కిటికీకి రెండు కిటికీల అవతల. వారం రోజులు కూర్చుంది. ఎనిమిదో రోజు మాబెల్ మధ్యాహ్నం తోర్తా ఫ్రీతా పొట్లం పట్టుకుని వచ్చి, చక్కెర అద్దిన ఆ వేడి రొట్టెలు ఆమె ముందు పరిచి, "నువ్విక్కడుంటే ఎండిపోతావే. నేనైతే ఆ ముసలాడి థర్మాస్‌లో విరేచనాల మందు కలిపి పోయేదాన్ని. నీకా ధైర్యం లేదు కాబట్టి ఊరికే పో," అంది. నీబియా నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది. సాయంత్రం రాజీనామా రాసిచ్చింది.

ఊరి వెలుపల నారింజలు ఏరి పెట్టెలకెత్తే కర్మాగారంలో పని దొరికింది. పళ్లను తూచి, రంగును బట్టి వేరుచేసే యంత్రాల కంప్యూటర్లు చూసుకోవాలి. చప్పుడు ఎక్కువ, చేతులకు ఎప్పుడూ నారింజ తొక్క వాసన. అక్కడ పక్కన కూర్చుని నేర్పేవాళ్లు లేరు. అది ఆమెకు హాయిగానే అనిపించింది. ఎవరైనా "అది చూశాను, బాగానే ఉంది" అంటే ఆమె తలూపి, వాళ్లు వెళ్లాక వెళ్లి మళ్లీ చూసుకునేది. ఈ అలవాటు తనలో చేరడం ఆమెకు నచ్చలేదు. కానీ మానలేకపోయింది.

ఆగస్టులో ఐలీన్‌కు పదిహేనేళ్లు నిండాయి. అక్కడ ఆడపిల్లకు పదిహేనో పుట్టినరోజు పెద్ద పండగ. నీబియా అన్నగారి తోటలో ఆదివారం మధ్యాహ్నం మాంసం కాల్చి విందు పెట్టుకున్నారు. పిలవాల్సిన వాళ్ల జాబితా రాస్తూ ఐలీన్, "పద్రీనో పేరు రాయనా వద్దా?" అని అడిగింది. జ్ఞానతండ్రిని ఆ పిల్ల పలకడం నేర్చినప్పటి నుంచీ అలాగే పిలుస్తుంది.

"నీ ఇష్టం."

"నాకు తెలుసమ్మా ఏం జరిగిందో. మాబెల్ ఆంటీ చెప్పింది."

"మరి?"

పిల్ల కలం కొరుకుతూ కూర్చుంది. "నాకు సైకిల్ నేర్పింది ఆయనే. మోకాలు పగిలితే ఊదింది ఆయనే. అది కూడా నిజమే కదా?" అంది. నీబియా జాబితాను పిల్ల వైపు జరిపింది. ఐలీన్ ఆయన పేరు రాసింది.

విల్మర్ భార్య ఎల్సాతో వచ్చాడు. ఎప్పుడూ వేసుకోని కోటు వేసుకున్నాడు, బాగా చిక్కిపోయాడు. పిల్లకు వెండి గొలుసు తెచ్చాడు. జంటలుగా ఆడే వాల్ట్జ్ నాట్యం మొదలైనప్పుడు ఐలీన్ మేనమామతో ఆడి, తరవాత ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. ఎండ పడిన పచ్చిక మీద ఆయన అడుగులు తడబడ్డాయి. పిల్ల ఆయన్ని పట్టుకుని నడిపించింది. నీబియా పొయ్యి దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆట అయ్యాక ఆయన ఆమె దగ్గరికి వచ్చాడు.

"అక్కడ అంతా నేనొక్కణ్ణే ఇప్పుడు. పొద్దున్న వెళ్లి లైటు వేస్తే ఎవరూ ఉండరు," అన్నాడు.

ఆమె పొయ్యిలో నిప్పులు ఎగదోసింది.

"ఇంకా కోపంగా ఉన్నావా పిల్లా?"

"కోపం ఎప్పుడో పోయింది మాస్ట్రో," అంది నీబియా. "నిన్న మీరు నాకు మెసేజ్ పెట్టారు, పన్నెండింటికి వస్తామని. చదివాను. చదివి, ఎల్సాకు ఫోన్ చేసి నిజమేనా అని అడిగాను."

విల్మర్ ముఖం పాలిపోయింది. కోటు గుండీలు ఒకటొకటిగా పెట్టుకున్నాడు. ఎల్సా దూరం నుంచి చూసి దగ్గరికి రాకుండా ఆగింది.

"పక్కటెముకలు మాడుతున్నాయి చూడవే!" అని అన్నగారు కేకేశాడు. నీబియా చాకు తీసుకుని పొయ్యి వైపు తిరిగింది. మళ్లీ ఇటు చూసేసరికి విల్మర్ గేటు దగ్గరున్నాడు. వీడ్కోలు చెప్పడానికి ఐలీన్ పరుగెత్తుకుంటూ వెళ్తోంది. ఆమె పిల్లను వెనక్కి పిలవలేదు, తనూ గేటు దాకా వెళ్లలేదు.